డివైడర్ మీది చెట్టు, చెరువులోని ఆకు

దిల్‌సుఖ్‌నగర్‌లో బొకే కట్టించుకున్నవాళ్లు ఆ ఊదారంగు రెమ్మను చూసే ఉంటారు. గులాబీలకూ జర్బెరాలకూ మధ్య సందు కనబడకుండా దోపుతారు దాన్ని. పట్టుకుంటే గరగరమంటుంది. నీళ్లు లేకపోయినా వాడదు. పెళ్లిరోజు దాటి నెల గడిచి, గులాబీలు నల్లబడి చెత్తబుట్టలోకి పోయాక కూడా షోకేసులో అదే రంగుతో నిలబడి ఉంటుంది. పూల వ్యాపారంలో దాన్ని స్టాటిస్ అంటారు. సీ లావెండర్లలో అదొక రకం, పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. మనం పువ్వు అనుకునే ఊదా భాగం నిజానికి పూరేకు కాదు, రక్షకపత్రం. అసలు పూరేకులు తెల్లగా, చిన్నగా ఉండి త్వరగా రాలిపోతాయి. మిగిలేది ఎండినా రంగు మారని పొర. బొకేలవాళ్లకు కావలసింది అదే.

పేరులో లావెండర్ ఉన్నా లావెండర్‌తో దీనికి చుట్టరికం లేదు. మన పల్లెల్లో ఆయుర్వేదం తెలిసినవాళ్లు వాడే చిత్రమూలం దీనికి దగ్గరి బంధువు. రెండూ ఒకే కుటుంబం. సీ లావెండర్లలో దాదాపు 600 రకాలున్నాయి. ఎక్కువ భాగం సముద్రపు ఒడ్డున, ఉప్పు పర్రల్లో, గాలి కొట్టే రాతి కొండల మీద బతుకుతాయి. వీటిలో చాలావాటి ఆకుల మీద సన్నని గ్రంథులుంటాయి. వేళ్లతో పీల్చిన ఉప్పును అవి బయటికి నెట్టేస్తాయి, ఆకు మీద ఉప్పు పలుకులు పేరుకుంటాయి. మన దేశంలోనూ గుజరాత్ తీరంలో ఒక రకం పెరుగుతుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో మాత్రం బొకేలోనో, ఎవరి బాల్కనీ కుండీలోనో తప్ప కనబడదు. అయినా దాని కథ మనకు పనికొస్తుందనుకుంటున్నాను. ఎందుకంటే మొక్కల విషయంలో మన నగరం ఇప్పుడు చేస్తున్న పొరపాటును ఆ కథలో దూరం నుంచి చూడొచ్చు.

ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా అట్లాంటిక్‌లో కానరీ దీవులున్నాయి. స్పెయిన్ పాలనలోని ఆ దీవుల్లో పెద్దది టెనెరిఫె. అక్కడి సముద్రపు కొండచరియల మీద పెరిజియై అనే సీ లావెండర్ ఉంటుంది. వెడల్పాటి ఆకులు, మోకాలెత్తు కాడలు, వాటి చివర ఊదా గుత్తులు. 1908లో ఓటో స్టాఫ్ అనే వృక్ష శాస్త్రవేత్త దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. ఆ పేరులో ఉన్నది టెనెరిఫెలో ఉండిన పెరెజ్ అనే వైద్యుడు. ప్రపంచం మొత్తంలో దాని సొంత నేల ఆ ఒక్క దీవి. అక్కడా అరుదే. కానీ దక్షిణ కాలిఫోర్నియాకు వెళితే రోడ్డు పక్కన, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, బీచ్ పార్కింగ్ అంచున అదే మొక్క కుప్పలు తెప్పలు. నీళ్లు పెద్దగా అడగదు, ఉప్పు గాలికి జడవదు, ఏడాది పొడుగునా పూస్తుంది. తోటలవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? నాటారు. అందులో కొన్ని గింజలు తోట గోడ దాటి తీరపు కొండల మీద మొలిచాయి. పుట్టింట్లో పది మందికి కనబడని మొక్క పరాయి దేశంలో పేటపేటకూ తెలిసిపోయింది.

ఇక్కడితో ఆగితే ఇది వలస మొక్కల మామూలు కథే. కాలిఫోర్నియా ప్రత్యేకత ఏమిటంటే అక్కడ సీ లావెండర్లు ఒకటి కాదు, ఎన్నో రకాలున్నాయి. ఒక్కోటీ ఒక్కో తీరుగా నడుచుకుంటుంది. కాలిఫోర్నికమ్ అనేది ఆ నేలలోనే పుట్టిన సొంత మొక్క, ఉప్పునీటి చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా ఉంది. బొకేల స్టాటిస్, టెనెరిఫె పెరిజియై తోటల నుంచి తప్పించుకుని రోడ్ల వెంట, తీరం వెంట తిరుగుతున్నవి. ఇక మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన ఇంకో రెండు రకాలు, రామోసిసిమమ్, డురియుస్కులమ్ అనేవి, ఎవరూ పెద్దగా పట్టించుకోకముందే చిత్తడి నేలల్లోకి జొరబడ్డాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం గురించి దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడి హాస్టళ్లలో ఉండి, ఇక్కడి కోచింగ్ సెంటర్లలో కోర్సులు నేర్చుకుని, ఫ్రీమాంట్‌లోనో శాన్‌హోసేలోనో తేలినవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. ఆ అఖాతం అంచున ఒకప్పుడు విశాలంగా ఉండిన ఉప్పునీటి చిత్తడి నేలల్లో అయిదింట నాలుగు వంతులు పూడ్చివేతకూ ఉప్పుమడులకూ పోయాయి. మిగిలిన ముక్కల్లో నీటికోడి జాతికి చెందిన రిడ్జ్‌వేస్ రైల్ అనే పక్షి, ఇంకెక్కడా లేని ఒక చిట్టెలుక అంతరించే దశలో బతుకుతున్నాయి. ఆటుపోట్లలో పెద్ద పోటు వచ్చి నీళ్లు పైకెక్కితే ఈ రెండూ చిత్తడి పై అంచుకు చేరి, అక్కడి గుబురులో దాక్కుంటాయి. రామోసిసిమమ్ వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ పై అంచునే. దాని ఆకులు గుండ్రంగా నేలకు అంటుకుని పరుచుకుంటాయి. కాడలు సన్నం. దాక్కోవడానికి వచ్చిన ఎలుకకు అందులో చాటు దొరకదు.

శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో కేథరిన్ బోయర్ బృందం దీని మీద పని చేసింది. వాళ్ల పరిశీలనలో నాకు ముఖ్యంగా తోచిన మాట ఒకటుంది. ఈ మొక్క సొంత మొక్కలు దట్టంగా అల్లుకున్న చోట బలహీనంగా ఉంటుంది, నేల కదిలి, కప్పు పలచబడ్డ చోట విజృంభిస్తుంది. కట్ట వేసిన పక్కన, కొత్తగా మట్టి పోసిన చోట, నడకదారి అంచున. చిత్రమేమిటంటే చిత్తడి నేలలను బాగుచేసే పథకాల్లోనూ ఇలాంటి బోసి నేల చాలా పుడుతుంది. 2003లో అక్కడి ప్రభుత్వాలు కార్గిల్ కంపెనీ నుంచి 15,000 ఎకరాలకు పైగా ఉప్పుమడులు కొని, కట్టలు తెంచి, సముద్రపు నీళ్లు మళ్లీ రానిచ్చే పని మొదలుపెట్టాయి. మంచి పని. కానీ కొత్త కట్టల మీద సొంత మొక్కలు నిలదొక్కుకునేలోపు బయటి మొక్క వచ్చి కూర్చోవచ్చు. నేల బాగుచేయడమూ కలుపు కాపలా కాయడమూ ఒకే పని కిందికి రావాలని వాళ్లకు తెలిసింది అలాగే.

శాంటా బార్బరా దగ్గర కార్పింటీరియాలో విశ్వవిద్యాలయం కాపాడుతున్న ఒక చిన్న ఉప్పు చిత్తడి ఉంది. అక్కడి బెడద డురియుస్కులమ్. అదే అంచులో 1978 నుంచి అంతరించే జాతుల జాబితాలో ఉన్న ఒక చిన్న మొక్క కూడా ఉంటుంది. పక్క మొక్కల వేళ్ల నుంచి కొంత ఆహారం లాక్కుని బతికే రకం. కాబట్టి యంత్రాలు దింపి ఊడ్చేయడానికి వీల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆకు చూసి, సొంత సీ లావెండర్‌నూ వలస సీ లావెండర్‌నూ వేరు చేసి, వలసదాన్ని వేరుతో సహా పెరకాలి. రెంటికీ ఊదా పూలే. సీ లావెండర్లలో చాలా రకాలు పరాగ సంపర్కం లేకుండానే గింజ కడతాయి. ఒక్క మొక్క చాలు, జత అక్కర్లేదు. పీకకుండా వదిలిన ఒక్కటి మళ్లీ ఊరంతా అవుతుంది. అందుకే గింజ రాలకముందే రావాలి, మళ్లీ వచ్చే ఏడాదీ రావాలి.

గమనించవలసింది వాళ్లు చేయని పని. సీ లావెండర్ అనే పేరున్న ప్రతిదాన్నీ నరికేయమని ఎవరూ అనలేదు. పెరిజియై ఇప్పటికీ నర్సరీల్లో అమ్ముతున్నారు. కాలిఫోర్నియా ఇన్వేసివ్ ప్లాంట్ కౌన్సిల్ అనే సంస్థ 1992 నుంచి ఉంది. అది తయారు చేసే జాబితా మొక్కలను పుట్టిన దేశాన్ని బట్టి కాకుండా, చుట్టూ ఉన్న జీవాలకు చేసే నష్టం, పాకే వేగం, ఇప్పటికి ఎంత మేర పరుచుకుంది అనే లెక్కలతో తీవ్రం, మధ్యస్థం, పరిమితం అని విడదీస్తుంది. ఒకే కుటుంబంలో ఒకటి నేరస్థురాలు, ఒకటి అనుమానితురాలు, ఇంకోటి ఇంటి ఆడపడుచు.

ఇప్పుడు మన డివైడర్ల మీదికి వద్దాం. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే వెంట హయత్‌నగర్ దాకా, లోపల కాలనీ పార్కుల ప్రహరీల పొడుగునా, కొన్నేళ్లుగా మనకు అలవాటైన ఆకుపచ్చ గోడ కోనోకార్పస్. సోమాలియా, జిబూతి, యెమెన్ దేశాల్లో వాగుల వెంట పుట్టిన చెట్టు. ఉప్పుకూ ఎండకూ తట్టుకుంటుందని మొదట గల్ఫ్ దేశాలు తెచ్చుకున్నాయి. అక్కడి నుంచి కరాచీకి, మన దేశానికి వచ్చింది. 2015 జూలైలో తెలంగాణ హరితహారం మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలు లక్ష్యం. అన్ని మొక్కలు కావాలంటే త్వరగా పెరిగేది, కొమ్మ గుచ్చితే బతికేది, నెలల్లో పచ్చగా కనబడేది కావాలి. కోనోకార్పస్ అన్నిటికీ సరిపోయింది. టెనెరిఫె మొక్కను దక్షిణ కాలిఫోర్నియా తోటలవాళ్లు ఎందుకు ఎంచుకున్నారో మన అధికారులూ దీన్ని అందుకే ఎంచుకున్నారు. ఉప్పును తట్టుకునే మొండితనం ఒక నగరపు డివైడర్‌కు వరంలా కనబడుతుంది. పొగ, వేడి, చాలని నీళ్లు, గజం మందం మట్టి. ఆ మొండితనంలో ఉన్న ఇంకో ముఖం గురించి ఎవరూ అడగలేదు.

తర్వాత గాలి తిరిగింది. కువైట్, ఇరాక్‌లలో దీని వేళ్లు నీటి పైపుల్లోకి దూరుతున్నాయని వార్తలు, పుప్పొడి వల్ల ఎలర్జీ అని ఫిర్యాదులు. 2022లో మన రాష్ట్రంలో ఇక దీన్ని నాటవద్దని ఆదేశాలు వచ్చాయి. 2023లో గుజరాత్ నిషేధించింది. అక్కడిదాకా సబబే. కానీ వాట్సాప్‌లో కోనోకార్పస్ రాక్షసి అయి కూర్చుంది. ఆక్సిజన్ పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుందట, దాని కింద నిలబడితే ఊపిరితిత్తులు పోతాయట. పగటిపూట ఆకు చేసే పని వేపకైనా దీనికైనా ఒకటే. రాత్రిపూట అన్ని చెట్లూ ఊపిరి తీసుకుంటాయి. ఈ పుకార్లు నమ్మి ఎవరో గొడ్డలి పట్టుకొస్తారు. మొదలు దాకా కొట్టేసిన కోనోకార్పస్ మళ్లీ చిగురిస్తుంది, ఈసారి ఇంకా గుబురుగా. పోయిందల్లా ఆ వేసవి నీడ.

నిన్న మొక్కి ఇవాళ తిట్టే ఈ అలవాటు నాకు నచ్చదు. రెండిట్లోనూ మనం మొక్కను చూడలేదు. కాలిఫోర్నియా పద్ధతిలో చూస్తే కోనోకార్పస్ మీద అడగవలసిన మొదటి ప్రశ్న, అది నాటిన చోటు నుంచి తనంతట తాను ఎక్కడికి పోతోంది అని. హైదరాబాద్‌లో ఇది ఎక్కువగా కొమ్మలతో పెంచిన చెట్టు. డివైడర్ దాటి పక్క ఖాళీ స్థలంలో గింజతో మొలిచిన కోనోకార్పస్‌ను నేనైతే చూడలేదు. అంటే ఇది మన దగ్గర నాటితే ఉన్నది, నాటకపోతే ఆగేది. పైపుల దగ్గర, ఇళ్ల పునాదుల దగ్గర తీసేయాలి. డివైడర్ మీద ఉన్నదాన్ని ఉండనిచ్చి, పక్కన కానుగ, వేప, నేరేడు నాటి, అవి నీడనిచ్చే వయసు వచ్చాక దీన్ని తొలగించవచ్చు. ఇది తొందరపడవలసిన శత్రువు కాదు.

ఇంకో మాట. పరాయి నేలలో పుట్టడమే నేరమైతే మన వీధుల్లో మిగిలేదేమిటి? ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్‌ది. చింతచెట్టు ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చింది. మిరపకాయ అమెరికాది, దాని మీద పరాయి ముద్ర వేస్తే గుంటూరు ఊరుకోదు. బతుకమ్మలో తంగేడు, గునుగు పక్కన వరసలుగా పేర్చే బంతిపువ్వు మెక్సికో ఆడబిడ్డ. వచ్చినవన్నీ ఒక తీరుగా ఉండవు. వచ్చి మనతో కలిసిపోయినవి కొన్ని, నాటిన చోటే కూర్చున్నవి కొన్ని. కొన్ని మాత్రం ఇల్లు ఖాళీ చేయిస్తాయి.

ఖాళీ చేయించేది ఎవరో చూడాలంటే డివైడర్ నుంచి చూపు తిప్పి సరూర్‌నగర్ చెరువు వైపు చూడాలి. కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో తవ్వించారని చెప్పే చెరువు. ఇప్పుడు నాలుగు వైపులా కాలనీలు. వినాయక నిమజ్జనం రోజున ఊరంతా అక్కడే. మిగతా నెలల్లో దాని మీద ఆకుపచ్చ దుప్పటి, నడుమ ఊదారంగు పూలు. గుర్రపుడెక్క. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ నది. దాన్నీ పువ్వు అందం చూసే మనుషులు దేశదేశాలు తిప్పారు. బెంగాల్‌కు 19వ శతాబ్దం చివర చేరింది. 1936 నాటికి అక్కడి ప్రభుత్వం దీన్ని వదిలించడానికి ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. పిలకలు వేసి మంచి ఎండకాలంలో రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. గింజ బురదలో పదిహేను, ఇరవై ఏళ్లు నిద్రపోయి లేవగలదు. కింద నీళ్లలో వెలుతురు, ఊపిరి తగ్గిపోతాయి. పైన ఆకుల మధ్య దోమ పిల్లలు చేపల నోటికి అందకుండా పెరుగుతాయి. సాయంత్రం ఆరు దాటాక చెరువు చుట్టుపక్కల కాలనీల్లో కిటికీలు ఎందుకు మూసేస్తారో అక్కడివాళ్లను అడగండి.

ఇది ఒక్క చెరువుతో ఆగదు. మూసీలో మూసారాంబాగ్ వంతెన నుంచి నాగోలు దాకా నీళ్లు మందగించిన చోటల్లా ఇదే. నగరానికి ఎగువన ఉన్న జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు ఈ పచ్చదనం అంతా తెగి కిందికి కొట్టుకుపోతుంది. యాదాద్రి, నల్లగొండ జిల్లాల్లో మూసీ మీది కత్వాలకు, అంటే చిన్న అడ్డుకట్టలకు, తట్టుకుంటుంది, కాలువల్లోకి పాకుతుంది. నగరం వదిలిన కలుపును రైతు ఏరుకోవాలి. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు పొంగి, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. చెరువు నిండినప్పుడు తూముల దగ్గర, నాలాల మొదట్లో ఆకుల తెప్పలు అడ్డం పడితే ఏమవుతుందో ఇంజనీరు చెప్పక్కర్లేదు.

గుర్రపుడెక్క విషయంలో మాత్రం కాలిఫోర్నియా నుంచి నేర్చుకోవలసింది దాని ఓటమి. ఆ రాష్ట్రంలో దీన్ని మొదట గమనించింది 1904లో. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల డెల్టా దీనితో నిండిపోయి పడవలు ఆగిపోయాక 1982లో చట్టం చేసి నియంత్రణ పథకం పెట్టారు. ఇప్పటికీ ఏటా మందులు కొడుతున్నారు, యంత్రాలతో తీస్తున్నారు. పోలేదు. అదే రాష్ట్రంలో ఉప్పు చిత్తడి అంచున సీ లావెండర్‌ను మోకాళ్ల మీద కూర్చుని ఏరుతున్నవాళ్ల పట్టుదలకు ఒక కారణం ఇదే అని నాకనిపిస్తుంది. మొదట్లో ఏరకపోతే తర్వాత శతాబ్దం పాటు ఏరవలసి వస్తుందని డెల్టా చూసినవాళ్లకు తెలుసు. మనకు గుర్రపుడెక్క డెల్టా దశలో ఉంది, కోనోకార్పస్ ఇంకా చిత్తడి అంచు దశకైనా రాలేదు. మనం కోపమంతా రెండోదాని మీద ఖర్చు పెడుతున్నాం.

పీకడం ఒక్కటే చాలదనడానికి బోయర్ బృందం చూసిన విషయం ఇక్కడ పనికొస్తుంది. కలుపు మొక్క తెరిచి ఉన్న తలుపులోంచే వస్తుంది. ఉప్పు చిత్తడిలో ఆ తలుపు బోసి నేల. సరూర్‌నగర్‌లో అది మురుగునీళ్లు. నత్రజని, భాస్వరం నిండిన మురుగు చెరువులోకి వస్తున్నంత కాలం గుర్రపుడెక్కకు ఎరువు మనమే పోస్తున్నట్టు. యంత్రం ఒక పక్క నుంచి తీస్తుంటే ఇంకో పక్క నుంచి అది పిలకలేస్తుంది. మూసీకి అటువైపు అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, ఇటువైపు నాగోలులో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. వాటి దాకా చేరని మురుగు నాలాల్లోంచి చెరువుల్లోకి పోతుంది. కాబట్టి కాలనీ సంఘం గుర్రపుడెక్క తీయించమని అర్జీ పెట్టేటప్పుడు అదే కాగితం మీద ఏ నాలా ఏ ఇళ్ల మురుగు తెస్తోందో కూడా రాయాలి. మొదటిది ఫొటోకు బాగుంటుంది, రెండోది చెరువుకు.

పురుగుల సాయం కూడా ఉంది. గుర్రపుడెక్క ఆకును మాత్రమే తిని బతికే ముక్కు పురుగులను, దక్షిణ అమెరికాకే చెందినవాటిని, 1980ల మొదట్లో మన దేశానికి తెచ్చి, పరీక్షించి, బెంగళూరులో చెరువుల్లోకి వదిలారు. అక్కడి కొన్ని చెరువుల్లో రెండు మూడేళ్లలో ఆకు దుప్పటి కుప్పకూలింది. ఆ పురుగుకు ఓపిక కావాలి. ప్రతి రెండు నెలలకూ యంత్రం దించి ఆకుతో పాటు పురుగునూ లారీకెత్తే చోట అది నిలదొక్కుకోలేదు. మన చెరువుల మీద పద్ధతి మార్చినప్పుడల్లా వెనకటి పద్ధతిని చంపేస్తున్నాం. చెరువులో ఒక మూల యంత్రానికి ఇవ్వకుండా పురుగుకు వదలడం ఖర్చు లేని ప్రయోగం.

ఇక మొక్క రాకముందు చేయవలసింది ఒకటుంది. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో సిసిలీ నుంచి వచ్చిన మరో సీ లావెండర్ ఉప్పు చిత్తడుల్లో పాకింది. అలాంటి దెబ్బలు ఎన్నో తిన్న ఆ దేశం 1997 నుంచి కొత్త మొక్కను లోపలికి రానివ్వడానికి ముందు 49 ప్రశ్నలు వేస్తుంది. ఇంకెక్కడైనా కలుపుగా మారిందా? గింజ ఎలా ప్రయాణిస్తుంది? జత లేకుండా పుడుతుందా? కొట్టేస్తే చిగురిస్తుందా? నీళ్లలో బతుకుతుందా? జవాబులకు మార్కులు వేసి, పాసైతే రానిస్తారు. పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, చదవడం, అడగడం వస్తే చాలు. మన దేశ సరిహద్దుల్లో మొక్కల తనిఖీ ప్రధానంగా చీడపీడల కోసం. ఒకసారి లోపలికి వచ్చాక కడియం నర్సరీలో కొమ్మ గుచ్చి, లారీలో హయత్‌నగర్ చేర్చి, మునిసిపల్ టెండరులో డివైడర్‌కు ఎక్కించే దాకా ఎవరూ ఏమీ అడగరు. కడియం రైతును తప్పుపట్టలేం. టెండరులో ఏది రాస్తే అది పెంచుతాడు. కాలిఫోర్నియాలో ప్లాంట్‌రైట్ అనే కార్యక్రమం నర్సరీలతోనే కూర్చుని, ఫలానా మొక్కకు బదులు ఫలానాది అమ్మండి అని ఒప్పించింది. మన దగ్గర అంతకన్నా సులువు. డివైడర్లకు, పార్కులకు మొక్కలు కొనే పెద్ద బేరగాడు ప్రభుత్వమే. టెండరు కాగితంలో ఆ 49లో ఏడెనిమిది ప్రశ్నలు అచ్చేస్తే కడియంలో వచ్చే ఏడాది నారు మారుతుంది.

అదే టెండరు కాగితం వనస్థలిపురం దగ్గర మాత్రం ఖాళీగా ఉంటే మేలు. మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. 1975లో కృష్ణజింకల కోసం అభయారణ్యం అయింది, 1994లో జాతీయ ఉద్యానం. కృష్ణజింకకు కావలసింది చెట్లు కాదు, దూరం దాకా కనబడే గడ్డి నేల. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక అంత ఖాళీ స్థలం చూసేసరికి ఎవరికో ఒకరికి మొక్కలు నాటాలనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చిత్తడిని పనికిరాని నేల అనుకుని పూడ్చినవాళ్ల బుద్ధి కూడా అదే. గుజరాత్‌లో వెలావదర్, తమిళనాడులో కోడియక్కరై కృష్ణజింకల నేలల్లోకి సర్కారు తుమ్మ పాకి గడ్డిని తినేసింది. తీపిగా ఉండే ఆ కాయలు తిని పేడలో గింజలు మోసుకెళ్లేది జింకలే. మన హరిణ వనస్థలిలో ఏటా వర్షాల తర్వాత కంచె వెంట నడిచి, చిటికెన వేలంత ఉన్నప్పుడే తుమ్మ మొలకలు పెరికేస్తే ఇద్దరు మనుషులతో పోతుంది. పదేళ్లాగితే ప్రొక్లెయినర్ కావాలి.

చెరువు దగ్గర కూడా కాలం చూసే పని చేయాలి. గుర్రపుడెక్క తీయించవలసింది ఏప్రిల్, మే నెలల్లో, నీళ్లు తగ్గి ఆకు ఒక పక్కకు చేరినప్పుడు, వరద దాన్ని కిందికి మోయకముందు. తీసినదాన్ని ఒడ్డున కుప్ప పోసి వదలకూడదు. ఒడ్డు మీద బతికి ఉన్న ఒక్క పిలకను మొదటి వాన మళ్లీ నీళ్లలోకి జారుస్తుంది. అందుకే కాంట్రాక్టరుకు డబ్బు తీసిన టన్నులకు కాకుండా ఊరి బయట ఎండబెట్టి కంపోస్టు చేసిన టన్నులకు ఇవ్వాలి. ఆ షరతు రాయని బిల్లు మీద సంతకం పెట్టకూడదు.